చొక్కాలో మనిషి

వించిపేట, విజయవాడ
జూన్

అగ్నిమాపక శాఖలో జబ్బులకు కారణాలు తేల్చే సెక్షన్ సూపరింటెండెంట్ శ్రీనివాసరావు గారికి,

నా పేరు షేక్ షహజాది. వయసు డెబ్బై నాలుగు. ఆధార్ కార్డులో అరవై ఎనిమిదే ఉంటుంది, ఆ రాసినవాడు నన్ను చూసి అంచనా వేశాడు. మా ఆయన బడే మియా గిన్నెలకు కళాయి పూసేవాడు, పోయాడు. ఇంట్లో ఉండేది నేను, నా కొడుకు కరిముల్లా, కోడలు గుల్షన్, ఒక మేక, ఒక కట్టెల పొయ్యి. నాకు చదువు లేదు. చెప్పేది నేను, రాసేది పక్కింటి రమాసుందరి టీచరమ్మ. నేను తిట్టినచోట ఆవిడ పెన్ను ఆపేస్తుంది. అందుకని ఈ అర్జీ కాస్త చప్పగా ఉంటే తప్పు నాది కాదు.

విషయం ఇది. నా కొడుకు మీ శాఖలో ఫైర్‌మన్. మీసం రాకముందు చేరాడు, ఇప్పుడు మీసం నెరిసింది. మొన్న డాక్టరు వాడి ఛాతీ ఫోటో తీసి, లైటు ముందు పెట్టి, "అమ్మా, ఇది మనిషి ఊపిరితిత్తా, మసిబట్టా" అన్నాడు. ఇక పొగ దగ్గరికి పోకూడదన్నాడు. నా కొడుకేమో ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకుని, గంట మోగగానే మళ్ళీ ఫైరింజను ఎక్కాడు. వాడు అడగడు. వాడికి నోరు లేదు. ఆ నోరు కూడా నాకే ఇచ్చాడు అల్లా.

నేనడిగేది ఒక్కటే. వాణ్ణి ఫైరింజను దించండి. స్టేషనులో ఫోను ఎత్తే పని ఇవ్వండి, గేటు తీసే పని ఇవ్వండి. బతికుండగా దించండి.

షహజాది వేలిముద్ర
సాక్షులు: రమాసుందరి, గుల్షన్

*

విజయవాడ
జులై

శ్రీమతి షేక్ షహజాది గారికి,

మీ అర్జీ అందినది. కమిటీ వారు కూలంకషంగా పరిశీలించి ఈ క్రింది అభిప్రాయానికి వచ్చినారు.

మంటను నీటితో ఆర్పుదురు. నీరు పడినచోట పొగ అణగును. కావున విధిని సక్రమంగా నిర్వర్తించిన ఉద్యోగికి పొగ తగిలే అవకాశం లేదు. తగిలినచో విధి సక్రమంగా నిర్వర్తించలేదని అర్థం. మీ కుమారుని సర్వీసులో ఒక్క మచ్చ కూడా లేదు. కావున ఆయనకు పొగ తగలలేదు.

అయినను ఆయన ఊపిరితిత్తులలో పొగ ఉన్న మాట డాక్టరు చీటీని బట్టి వాస్తవమే. అది వేరొక చోటిది అయి ఉండవలెను. మీ ఇంట్లో కట్టెల పొయ్యి ఉన్నట్లు అర్జీలో మీరే స్వయంగా ఒప్పుకున్నారు. తండ్రి కళాయి పని చేసినట్లు కూడా ఒప్పుకున్నారు. ఇంటి పొగకు శాఖ బాధ్యత వహించదు.

అయితే ఉద్యోగి ఆరోగ్యమే శాఖకు ముఖ్యం. కావున శ్రీ కరిముల్లాను వ్యాధికి మూలమైన ఇంటికి దూరంగా ఉంచవలెనని, ఇకపై స్టేషను బారక్‌లోనే నివాసం ఉండవలెనని ఉత్తర్వులు ఇవ్వడమైనది. గాలి బాగా తగులుటకై మొదటి ఫైరింజనులో ముందు సీటు కేటాయించడమైనది.

మేకపై అభిప్రాయం వాయిదా వేయడమైనది.

ఇట్లు
శ్రీనివాసరావు, సూపరింటెండెంట్

*

వించిపేట
ఆగస్టు

శ్రీనివాసరావు గారికి,

టీచరమ్మ మీ ఉత్తరం చదివింది. మళ్ళీ చదవమన్నాను. ఇంకోసారి చదవమంటే తలనొప్పి అంది.

దించమంటే ముందు సీటులో కూర్చోబెట్టారా? నా ఇంటినుంచి నా కొడుకుని తీసుకుపోయి మంట పక్కన పెట్టి, దానికి ఆరోగ్యం అని పేరు పెట్టారా? ఇక్కడ నేను చెప్పింది టీచరమ్మ రాయలేదు. మీరే ఊహించుకోండి, ఇంకొంచెం పెద్దదిగా ఊహించుకోండి.

నా పొయ్యి బక్రీదుకి ఒకసారి, రంజాన్‌కి ఒకసారి వెలుగుతుంది. మిగతా రోజుల్లో దాని మీద మేక పడుకుంటుంది. అప్పుడు దమ్ బిర్యానీ తిని మీ స్టేషను మొత్తం వేళ్ళు నాకింది. నాకినవాళ్ళలో ఎవడూ నా పొయ్యిని నేరస్తుడనలేదు.

ఇక పొగ తగలలేదంటారు. మొన్న రంజాన్ నెలలో ఆటోనగర్ అవతల పాత టైర్ల గోడౌను తగలబడింది. రాత్రంతా తగలబడుతూనే ఉంది. మీవాళ్ళ దగ్గర ముఖానికి పెట్టుకునే గాలి తొడుగులు ఉన్నాయట, వాటిలో గాలి లేదట. నా కొడుకు మూతికి రుమాలు కట్టుకుని లోపలికి పోయాడు. తరవాత ఏప్రిల్‌లో మీ వారోత్సవాల్లో పెద్ద ఆఫీసరు వాడికి శాలువా కప్పి, మైకులో ఏమన్నాడు? "కరిముల్లా మింగినంత పొగ ఈ జిల్లాలో ఇంకెవరూ మింగలేదు" అన్నాడు. నేను ముందు వరసలో కుర్చీలో ఉన్నాను. వీధి వీధంతా చప్పట్లు కొట్టింది. ఆ మాటకి నేను ఏడ్చాను కూడా, సంతోషమనుకుని.

ఇంకో మాట. మీ వారోత్సవాల్లో అందరికంటే నల్లబడిన ఖాకీకి బహుమతి ఇస్తారు కదా. దానికోసం ఆ చొక్కా ఉతకొద్దని మీవాళ్ళే చెప్పారు. గోడౌనులోంచి వచ్చిన చొక్కా వచ్చినట్టే వాడి మంచం తలాపున మేకుకి వేలాడింది. బహుమతి వచ్చింది. చొక్కా ఇప్పటికీ మేకుకే ఉంది, ఉతికితే పరువు పోతుందని.

మీ ఆఫీసరు మాట అబద్ధమా? చెప్పండి.

షహజాది వేలిముద్ర
సాక్షులు: రమాసుందరి, గుల్షన్

లేఖరి రమాసుందరి రాయునది: సూపరింటెండెంట్ గారూ, ఈ ఉత్తరం చెప్పేటప్పుడు షహజాది గారు చాలాసార్లు దగ్గారు. ఆవిడకు పొయ్యి దగ్గర దగ్గు రాదు. కొడుకు ఖాకీలు ఉతికిన రోజున వస్తుంది. ఏళ్ళ తరబడి ఆ బట్టలన్నీ ఆవిడే బండకేసి బాదారు. ఇది రాయొద్దని ఒట్టు వేయించుకున్నారు. ఆవిడ చదవలేరు కాబట్టి రాస్తున్నాను.

*

విజయవాడ
ఆగస్టు

శ్రీమతి షేక్ షహజాది గారికి,

శాలువా కప్పు సమయంలో పలికిన మాటలను ప్రశంసలుగా మాత్రమే స్వీకరించవలెను, వాస్తవాలుగా పరిగణించరాదు. అట్లు పరిగణించినచో శాఖలో ఇంతవరకు జరిగిన సన్మానములన్నియు పునఃపరిశీలించవలసి వచ్చును.

మరియు టైర్ల గోడౌను ప్రమాదము రంజాన్ మాసంలో జరిగినదని మీరే తెలిపినారు. ఆ దినమున మీ కుమారుడు ఉపవాసం ఉన్నట్లు హాజరు పట్టీ పక్కన ఎవరో పెన్సిలుతో రాసి ఉన్నారు. ఉపవాసంలో ఉన్న వ్యక్తి ఏదియు మింగరాదు. ఆయన నిష్ఠాపరుడని అందరూ చెప్పుచున్నారు. కావున పొగ మింగి ఉండడని కమిటీ మరింత దృఢంగా భావించుచున్నది.

మీరు తెలిపిన చొక్కాను ఉతకకుండా, యథాతథంగా ఈ కార్యాలయానికి పంపవలెను. కమిటీ సమావేశమగు వరకు దానిని భద్రపరచడం జరుగును.

ఇట్లు
శ్రీనివాసరావు, సూపరింటెండెంట్

రమాసుందరి గారికి విడిగా: మీరు అడుగున రాసిన మాటలు కమిటీకి పంపలేదు. పంపితే ఆవిడ దగ్గును కూడా పొయ్యి ఖాతాలోనే వేస్తారు. ఆ కాగితం నా జేబులో ఉంది. ఈ నాలుగు మాటలూ ఆవిడకు చదవకండి.

*

వించిపేట
సెప్టెంబరు

శ్రీనివాసరావు గారికి,

మీ కమిటీలో ఎవరో మహా తెలివిగలవాడు ఉన్నాడు. వాడి తల్లికి నా సలాములు చెప్పండి, పాపం.

మీకొచ్చిన అనుమానం నా కొడుక్కి మీకంటే ముందే వచ్చింది. ఆ తెల్లారి ఇంటికొచ్చి, నిలబడే ఓపిక లేక గుమ్మంలో కూలబడి, వాడన్న మొదటి మాట, "అమ్మీ, పొగ లోపలికి పోయింది. నా రోజా విరిగిందా?" పొగ పోయిందే అని కాదు, రోజా, అదే మీరనే ఉపవాసం, పోయిందేమో అని వాడి దిగులు. మౌల్వీ గారి దగ్గరికి పోయి అడిగాం. ఆయన అంతా విని, "కావాలని పీల్చింది కాదు, తనంత తాను లోపలికి పోయిన పొగకి రోజా విరగదు" అన్నారు.

విన్నారా? విరగదు అన్నారు, పోలేదు అనలేదు. పోయింది కాబట్టే ఫత్వా కావలసి వచ్చింది. మీకు ఇంకో సాక్షి దొరికాడు. ఆయన నాలాగా కాదు, చదువుకున్నవాడు.

చొక్కా గుల్షన్ చేత పంపుతున్నాను. ముట్టుకునేటప్పుడు దులపకండి. మీ కమిటీ గదిలో ఫ్యాను దగ్గర తగిలించండి. అది ఏమీ చెయ్యని గుడ్డే అయితే మీకు నష్టం లేదు.

కరిముల్లా బారక్‌లో ఉంటున్నాడు. ఇంటికి రానివ్వరు, నా పొయ్యి తగులుతుందని. కోడలు టిఫిను పట్టుకుపోయి గేటు దగ్గర ఇచ్చి వస్తుంది. మొన్న పంజా సెంటరులో బండి పోతుంటే చూశాను. ముందు సీటులో ఉన్నాడు, గాలి బాగానే తగులుతోంది. సందు మలుపులో సైరన్ ఆపారు. ఆపాక కూడా ఏదో మోత వినపడింది. వాడి దగ్గు.

దించండి.

షహజాది వేలిముద్ర
సాక్షులు: రమాసుందరి, గుల్షన్

*

విజయవాడ
అక్టోబరు

షహజాది గారికి,

చొక్కా అందినది. కమిటీకి వేరే గది లేనందున నా గదిలోనే, నా కుర్చీ వెనక మేకుకు తగిలించడమైనది. ఏసీ గది కావున కిటికీలు తెరవము. కమిటీలో ఒకరు సెలవులో ఉండుటచే సమావేశం వాయిదా పడినది. మరల ఇంకొకరు సెలవు పెట్టుటచే మరల వాయిదా పడినది.

అటెండరు జక్కయ్య నా గది ఊడ్చనని మొండికేశాడు. "సార్, ఆ చొక్కా నన్ను చూస్తాంది" అంటాడు. మెమో ఇచ్చాను. మెమో తీసుకోవడానికి కూడా లోపలికి రాలేదు.

కొద్దిరోజులుగా నాకు గొంతులో గరగర, కళ్ళ మంట. వాతావరణం మార్పు అయి ఉంటుంది.

ఒక సందేహం. చొక్కాను ఒక్కసారి నీళ్ళలో ముంచి ఆరవేయడానికి మీకు అభ్యంతరమా? సాక్ష్యాన్ని ఉతకవచ్చునా అని పై ఆఫీసుకు రాస్తే, ఉతికినచో అది సాక్ష్యం కాదు, బట్ట అగును అని జవాబు వచ్చినది.

శ్రీనివాసరావు

*

వించిపేట
అక్టోబరు

శ్రీనివాసరావు బాబుకి,

గొంతు గరగర అన్నారు. మిరియాలు, తమలపాకు కలిపి నమలండి. జక్కయ్య తెలివైనవాడు, మెమో వెనక్కి తీసుకోండి.

ఇప్పుడు నేనడిగినదానికి జవాబు చెప్పండి. మీ ఇంట్లో పొయ్యి ఉందా? మీ నాన్నగారు ఏం పని చేసేవారు? మీరు డ్యూటీ సక్రమంగా చేస్తే ఆఫీసులో కూర్చున్నవాడికి దగ్గు ఎందుకు వస్తుంది? మీకు సన్మానం ఎప్పుడన్నా జరిగిందా? మేక ఉందా?

చొక్కా ఉతకడానికి ఒప్పుకోను. మేకుకి ఉన్న చొక్కా మీకు బరువైపోయింది. నా కొడుకు దాన్ని గుండీలు పెట్టుకుని వేసుకున్నాడు.

షహజాది వేలిముద్ర
సాక్షులు: రమాసుందరి, గుల్షన్

*

గన్నవరం
నవంబరు

షహజాదమ్మ గారికి,

ఇది ఇంటి నుంచి రాస్తున్నాను, ఆఫీసు కాగితం మీద కాదు. డాక్టరు నన్ను సెలవు పెట్టమన్నాడు.

మీరడిగినవాటికి జవాబులు. మా ఇంట్లో పొయ్యి లేదు, కరెంటు స్టవ్. నాన్నగారు లెక్కల మాస్టారు. సన్మానం జరగలేదు. మేక లేదు.

కమిటీ ఎట్టకేలకు సమావేశమైంది. నా గదిలోకి వచ్చినవాళ్ళు వచ్చినట్టే ముక్కులు మూసుకుని బయటికి వెళ్ళి, వరండాలో నిలబడి సమావేశం జరిపారు. అదే సమావేశంలో నా దగ్గు కూడా చర్చకు వచ్చింది. సూపరింటెండెంట్‌కు వచ్చిన వ్యాధి విధి నిర్వహణలో, చొక్కా వల్ల వచ్చినదేనని టీ చల్లారకముందే తీర్మానించారు. మా నాన్నగారి సుద్దముక్కల సంగతి కూడా ఎవరూ అడగలేదమ్మా. అడుగుతారని ఎదురుచూశాను.

అప్పుడు నేను ఫైలు మీద రాశాను: మేకుకు వేలాడిన చొక్కా గదిలో కూర్చున్నవాడిని ఇంత చేస్తే, ఆ చొక్కా లోపల ఉన్న మనిషిని ఏం చేసి ఉంటుంది అని. ఫైలు తిరిగి వచ్చింది. ఎర్ర సిరాతో ప్రశ్న ఉంది: "ప్రమాద సమయంలో చొక్కాలో మనిషి ఉన్నాడనుటకు ఆధారమేమి?"

ఈలోగా చొక్కాను ప్రమాదకర వస్తువుగా ప్రకటించి, దానికి కాపలా పెట్టాలన్నారు. ఎవరూ ఒప్పుకోలేదు. అలవాటు ఉన్నవాడైతే మేలని కరిముల్లాను వేశారు. ఆయన ఫైరింజను దిగాడు. దిగి, తాళం వేసిన గదిలో ఆ చొక్కా ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మీరడిగింది ఇది కాదని నాకు తెలుసు.

అందుకని సెలవులోకి పోయేముందు నేను ఒక ఆర్డరు మీద సంతకం పెట్టాను. చొక్కాలో మనిషిని చూసిన సాక్షి మీరే. సాక్షి వయోవృద్ధురాలు, ఆఫీసులో లిఫ్టు పనిచేయదు. కావున గుర్తింపు నిమిత్తం చొక్కానే సాక్షి ఇంటికి పంపవలెను. చొక్కా ఎక్కడ ఉంటే కాపలాదారు అక్కడే ఉండవలెను. గుర్తింపు పూర్తి అయ్యేవరకు అట్లే ఉండవలెను. ఎన్నాళ్ళలో పూర్తి కావాలో రాయలేదు. మరిచిపోయానని చెబుతాను.

కమిటీ ఇంటికి దూరంగా ఉంచమన్నది కదా అని ఎవరైనా అడిగితే, ఆ ఉత్తర్వు మనిషికి, ఇది చొక్కాకు అని చెప్పండి.

శ్రీనివాసరావు

*

వించిపేట, విజయవాడ
డిసెంబరు

జబ్బుల కమిటీ పెద్దలందరికీ,

నా పేరు షేక్ షహజాది. వయసు డెబ్బై నాలుగే, ఆధార్ కార్డు ఇంకా దిద్దలేదు. ఇంట్లో ఉండేది నేను, కోడలు గుల్షన్, మేక, మీరు నేరం మోపిన పొయ్యి, ఒక ప్రభుత్వ చొక్కా, దానికి కాపలాగా నా కొడుకు కరిముల్లా. ఆర్డరులో చొక్కా ఉన్నచోటే కాపలా ఉండాలని రాశారు, ఒకే గదిలో అనలేదు. చొక్కా దొడ్లో దండెం మీద ఉంది. నా కొడుకు ముందు గదిలో మంచం మీద ఉన్నాడు. కిటికీలోంచి కాపలా కాస్తున్నాడు.

చొక్కాలో మనిషి ఉన్నాడా అని అడిగారు. చెబుతున్నాను, రాసుకోండి.

ఉన్నాడు. ఆ తెల్లారి వాడు గుమ్మంలో కూలబడితే గుండీలు విప్పింది నేను. వాడి వేళ్ళు వాచి వంగలేదు. కింది గుండీ ఊడిపోతే కోడలు నల్లదారంతో కుట్టింది, ఖాకీ దారం అయిపోయి. చూసుకోండి. చొక్కా బయటంతా నలుపు. లోపల వీపు మీద మనిషంత మేర చెమట అట్టకట్టి ఉంది. చొక్కాకి చెమట పట్టదు. ఎడమ జేబు గుండీ ఇంతవరకు మీలో ఎవరూ విప్పలేదు. విప్పండి. మూతికి కట్టుకున్న రుమాలు అందులో ఉంది. దాంట్లోకి వాడు ఉమ్మింది కూడా ఉంది. టైరు రంగులో ఉంటుంది. నా పొయ్యిలో టైర్లు వండనండీ.

ఇంకో సంగతి. టీచరమ్మ నా ఉత్తరాల అడుగున ఏదో రాస్తుందని నాకు మొదటినుంచీ తెలుసు. నేను నోరు మూశాక కూడా పెన్ను చప్పుడు వినపడుతుంటే తెలీదా? ఏం రాసిందో కూడా తెలుసు. రాయనిచ్చాను. ఇప్పుడు నేనే చెబుతున్నాను. నాకూ దగ్గు ఉంది. వాడి ఖాకీలు బండకేసి బాదిన ప్రతిసారీ ఆ నల్లనీళ్ళ ఆవిరి నా లోపలికి పోయింది. నా సంగతి వదిలెయ్యండి, నన్ను మీరు ఏ బండీ ఎక్కించలేదు. కాని ఉతికినదానికే ఇంత అయితే, వేసుకున్నవాడికి ఎంతో లెక్క కట్టుకోండి.

గుర్తింపు ఎంతవరకు వచ్చిందని మీ ఆఫీసు నుంచి జక్కయ్య వచ్చి అడిగాడు, వీధిలోనే నిలబడి. గట్టిగా పనిచేస్తున్నాను. కళ్ళు సరిగా ఆనవు, శుక్లం ఆపరేషను ఇంకా చేయించుకోలేదు, తొందరపడి తప్పు సాక్ష్యం చెబితే పాపం. ఇప్పటికి ఒక్క గుండీ గుర్తుపట్టాను. నల్లదారంది. వచ్చే రంజాన్‌కి రెండోది మొదలుపెడతాను. చొక్కాకి ఇంకా చాలా ఉన్నాయి, చేతులవి వేరే. వాడి రిటైర్‌మెంటు లోపు కాలరు దాకా వస్తానని నా నమ్మకం. అల్లా దయ వల్ల నాకు ఆయుష్షు ఉంది, అంతకంటే ముందే గుర్తుపట్టడం పూర్తికావాలని మీకు ఆత్రంగా ఉంటే దారి ఒకటుంది. నా కొడుక్కి పొగ తగిలింది, అది మీ బండి మీద తగిలింది అని రాయండి. రాసి పట్టుకొచ్చిన రోజున అన్ని గుండీలూ ఒక్కసారే గుర్తొస్తాయి.

అంతవరకు చొక్కా ఇవ్వను. బలవంతంగా తీసుకుపోదామంటే రండి, దులిపి ఇస్తాను.

వచ్చేవాళ్ళకి టీ ఉంది. పొయ్యి మీదే పెడతాను.

వేలిముద్ర వేసే ఇంకు డబ్బా ఎండిపోయింది. శ్రీనివాసరావు బాబు తన పెన్ను సిరా పూస్తానన్నాడు. వద్దన్నాను. దొడ్లోకి పోయి చొక్కా చేతి మీద బొటనవేలు ఒక్కసారి రుద్దాను. ఇదిగో, గీతలన్నీ ఎంత బాగా పడ్డాయో చూడండి.

షహజాది వేలిముద్ర

సాక్షులు:
రమాసుందరి, రాసినది, ఈసారి అడుగున ఏమీ కలపలేదు
గుల్షన్, కోడలు, గుండీ కుట్టినది
శ్రీనివాసరావు, సూపరింటెండెంట్, సెలవులో ఉన్నవాడు, గన్నవరం నుంచి బస్సులో వచ్చి, గుమ్మం దగ్గర దగ్గు ఆగేదాకా నిలబడి, లోపలికి వచ్చి సంతకం చేసినాడు